నౌకరీయా, శౌకా? కార్డుల్ని అడిగేవాళ్ల గురించి

ఈమధ్య మన ఇళ్లలోకి టారో కార్డులు వచ్చేశాయి. చేతికి కాదు, ఫోనులోకి. ఎవరో ఒకమ్మాయి బల్ల మీద కార్డులు పరిచి "ఈ వీడియో మీ కళ్ల ముందుకు వచ్చిందంటే ఈ కబురు మీకే" అంటుంది. ఇంకా తెలుసుకోవాలంటే డబ్బులు కట్టి విడిగా మాట్లాడుకోవాలి. మా ముక్త్యాల, జగ్గయ్యపేట, నందిగామ వైపు పిల్లల నోట కూడా ఈ మాట వింటున్నాను. వాళ్లు కార్డులు చూపించుకోవడం కన్నా, వాటిని అడుగుతున్న సవాల్ నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది. నికా ఎప్పుడవుతుంది, సౌదీ వీసా వస్తుందా, ఇవి కావు. "పగలంతా నౌకరీ. నా శౌక్‌కి రాత్రి మిగిలిన కాస్త టైమే. రెండూ ఎలా నడపాలి? నౌకరీ వదిలేయనా?"

అడిగేవాళ్లు ఎవరనుకున్నారు? సిమెంటు ఫ్యాక్టరీలో షిఫ్టు చేస్తూ ఖత్తాతీ, అంటే అరబీ అక్షరాల్ని అందంగా రాసే హునర్, నేర్చుకుంటున్న కుర్రాడు. ప్రైవేటు స్కూల్లో పాఠాలు చెబుతూ నోట్‌బుక్ వెనక పేజీల్లో కథలు రాసుకునే అమ్మాయి. మన పిల్లలే.

పెద్దల జవాబు ఒక్క ముక్కలో అయిపోతుంది: హరామ్. ఆ ముక్క సరైనదే, దాన్ని నేను మెత్తబరచను. సూరా మాయిదా 90వ ఆయత్‌లో సారాయి, జూదంతో పాటు అజ్లామ్‌ని కూడా కలిపి మనా చేశారు. అజ్లామ్ అంటే జాహిలియ్యా కాలంలో బాణాలు లాగి, వెళ్లాలా వద్దా, చేయాలా వద్దా అని తేల్చుకునే పద్ధతి. జోస్యుడి దగ్గరికి వెళ్లి అడిగినవాడి నలభై రాత్రుల నమాజ్ ఖుబూల్ కాదని సహీహ్ ముస్లింలో హదీస్ ఉంది. బాణం స్థానంలో కార్డు వచ్చింది, అంతే.

అయితే ఈ కార్డుల కథ కొంచెం తెలుసుకుంటే మంచిది. ఐరోపాకి పేకముక్కలు వెళ్లింది మన ముస్లిం దేశాల నుంచే. మమ్లూక్ సుల్తానుల కాలం నాటి పేక ఒకటి ఇస్తాంబుల్ తోప్‌కాపీ మహల్‌లో ఇప్పటికీ ఉంది. అందులో నాలుగు రకాలు: కత్తులు, గిన్నెలు, దిర్హమ్‌లు, పోలో కర్రలు. ఇటలీ వాళ్లకి అప్పట్లో పోలో ఆట తెలీదు, ఆ కర్రల్ని మామూలు దుడ్డుకర్రలు చేసుకున్నారు. నాయిబ్ అన్న మన మాటే స్పెయిన్ భాషలో ఈరోజుకీ పేకకి పేరుగా మిగిలింది. 15వ శతాబ్దంలో ఇటలీలో ఈ పేకకి ఇంకో 22 బొమ్మల కార్డులు కలిపారు. మొత్తం 78. అదే టారో. అప్పటికది కాలక్షేపానికి ఆడుకునే ఆట. 1781లో ఫ్రాన్సులో కూర్ ద జెబెలాఁ అనే పెద్దమనిషి, ఇది ప్రాచీన మిసర్ పూజారుల రహస్య విద్య అని రాసేశాడు. మిసర్ లిపి చదవడం అప్పటికి ఎవరికీ రాదు. తప్పు అని చెప్పేవాడెవడు? జోస్యం వ్యాపారం అక్కడినుంచి ఊపందుకుంది.

ఇప్పుడు మన పిల్లల ఫోనుల్లో ఎక్కువగా కనిపించే బొమ్మలు 1909లో లండన్‌లో అచ్చయినవి. గీసింది పమేలా కోల్మన్ స్మిత్ అనే చిత్రకారిణి. దాదాపు 80 బొమ్మలు. పని పెద్దది, పైసలు తక్కువ అని ఆమె అప్పట్లోనే స్నేహితుడికి ఉత్తరం రాసింది. ఆ తర్వాత ఆ కార్డులు ప్రపంచమంతా లక్షల్లో అమ్ముడుపోయాయి, ఆమెకి మాత్రం అందులో వాటా రాలేదు. 1951లో అప్పులతో పోయింది. శౌక్‌నీ రోజీనీ ఎలా కలపాలో ఈ బొమ్మల్ని అడిగేవాళ్లకి ఈ సంగతి ఎవరూ చెప్పరు. బొమ్మలు గీసిన మనిషికే ఆ కార్డులు అన్నం పెట్టలేదు.

"మేం గైబ్ అడగట్లేదు, అది అద్దం లాంటిది, మన మనసు మనకి చూపిస్తుంది" అని చదువుకున్న పిల్లలు అంటారు. ఈ మాటని కొట్టిపారేయకుండా విన్నాను. ఆ పేకలో రెండు నాణేల కార్డు ఒకటుంది. ఒకడు చెరో చేతిలో ఒక నాణెం పెట్టుకుని ఎగరేస్తూ ఉంటాడు, వెనకాల సముద్రంలో ఓడలు ఊగుతుంటాయి. నౌకరీ, శౌక్ రెండూ మోసేవాడికి అది చూడగానే గుండె కలుక్కుమంటుంది. నిజమే. కానీ ఆ తర్వాత? బొమ్మ చూసి కలుక్కుమన్న మనసుకి ఏం చెప్పాలో పక్కన కూర్చున్న రీడర్ చెబుతుంది. మీ అమ్మీకి షుగరని, చెల్లెలి పెళ్లికి ఇంకా ఏడాదే ఉందని, ఇంటి లోన్ కిస్తీ ప్రతి నెలా 5న కట్టాలని ఆమెకి తెలీదు. అద్దంలో ఇవి కనిపించవు.

ఇక్కడ మనం మరీ గొప్పలు పోనక్కర్లేదు. ఫాల్ చూసుకునే అలవాటు మనదీ. పట్నా ఖుదాబఖ్ష్ లైబ్రరీలో దీవాన్-ఎ-హాఫిజ్ ప్రతి ఒకటుంది. హుమాయూన్, జహంగీర్ బాద్షాలు అందులో ఫాల్ తెరిచి, వచ్చిన జవాబుల గురించి అంచుల్లో తమ చేత్తో రాసుకున్నారు. బాద్షాలు హాఫిజ్‌ని అడిగారు, మన నానీలు బాబాల్ని అడిగారు, తిరునాళ్లలో చిలకని అడిగినవాళ్లూ మనలో ఉన్నారు. ఆఖరికి ఇస్తిఖారాని కూడా కార్డులా వాడుతున్నాం. రెండు రకాత్‌ల నఫిల్ చదివి పడుకుంటే కలలో పచ్చ కనిపిస్తే అవును, ఎర్ర కనిపిస్తే కాదు! డబ్బు తీసుకుని మన తరఫున ఇస్తిఖారా చేసిపెట్టేవాళ్లు కూడా తయారయ్యారు. హజ్రత్ జాబిర్ (రజి.) రివాయత్‌గా బుఖారీలో ఉన్న ఆ దువా తర్జుమా ఒకసారి చదవండి. అందులో కల ఊసే లేదు, రంగు లేదు. ఇందులో ఖైర్ ఉంటే ఆసాన్ చెయ్యి, లేకపోతే నన్ను దీన్నుంచి మళ్లించు అని సొంతంగా అడుక్కోవడమే. అంటే ముందు మనిషి ఆలోచించుకోవాలి, మష్వరా చేసుకోవాలి, ఒకవైపు అడుగు వేయాలి. అడుగే వేయనివాడిని ఎటు మళ్లిస్తారు?

ఇక అసలు సవాల్. నౌకరీ వదలాలా? నా రాయ్ అడిగితే, వదలొద్దు. ఆ హునర్‌తోనే ఏడాది పాటు ఇంటి ఖర్చు హలాల్‌గా వెళ్లిన తర్వాత ఆ మాట ఎత్తండి. ఫ్యాక్టరీ ధూళితోనో రాత్రి షిఫ్టులతోనో ఒళ్లు పాడవుతుంటే మారాల్సింది నౌకరీ, మానేయాల్సింది కాదు.

నౌకరీ చేస్తే కళ చచ్చిపోతుందన్న మాట నేను నమ్మను. హైదరాబాద్ రుబాయీల షాయర్ అమ్జద్ సర్కారు లెక్కల దఫ్తర్‌లో పనిచేశారు. 1908 మూసీ వరదలో తల్లి, భార్య, కూతురు కొట్టుకుపోయినా బతికి, దఫ్తర్‌కి వెళ్లి, రుబాయీలు రాశారు. అక్బర్ ఇలాహాబాదీ జడ్జి. మహమ్మద్ ఖదీర్ బాబు పత్రికలో ఉద్యోగం చేస్తూనే దర్గామిట్ట కథలు రాశారు. మనకి కృష్ణ దాటితే అప్పటి గుంటూరు జిల్లా, అక్కడి జాషువా సంగతి ఇంకా దగ్గరిది. రాజమండ్రిలో మూకీ సినిమాలకి తెర పక్కన నిలబడి మాటలు చెప్పే పని చేశారు, తర్వాత గుంటూరులో ఏళ్ల తరబడి పంతులుగా పనిచేశారు. ఆ పంతులుద్యోగంలో ఉండగానే 1932లో ఫిరదౌసి, 1941లో గబ్బిలం వచ్చాయి. ఫిరదౌసి కథ దేని గురించి? గజనీ సుల్తాన్ పద్యానికో బంగారు నాణెం ఇస్తానని చెప్పి, కావ్యం అయ్యాక వెండి చేతిలో పెట్టిన కవి గురించి. నెల తన్ఖా మీద బతుకుతున్న తెలుగు కవి, కూలి ఎగ్గొట్టించుకున్న ఫార్సీ కవి మీద కావ్యం రాశాడు. మన కుర్రాళ్లు ఇది చదవాలి, కార్డులు తర్వాత.

"వాళ్లకి టైముంది, మాది షిఫ్టు" అంటారు. ఈ వారం పొద్దున ఆరుకి, వచ్చే వారం మధ్యాహ్నం రెండుకి, ఆపై వారం రాత్రి పదికి. ఫజర్ తర్వాత రోజూ గంట రాసుకో అని చెప్పడం వీళ్ల దగ్గర చెల్లదు, ఒప్పుకుంటాను. కానీ మస్జిద్ గోడ మీద అతికించిన నమాజ్ టైం టేబుల్ చూడండి. ఏ వక్తూ ఏడాది పొడుగునా ఒకే గంటకి ఉండదు. ఎండాకాలం ఫజర్‌కీ చలికాలం ఫజర్‌కీ దాదాపు గంట తేడా. అయినా నమాజ్ తప్పట్లేదు, ఎందుకంటే వక్త్‌ని సూర్యుడికి కట్టాం, గడియారానికి కాదు. శౌక్‌ని కూడా షిఫ్టుకి కట్టుకోవచ్చు: ఏ షిఫ్టయినా సరే, నిద్రలేచి నాష్తా అయిన తర్వాతి గంట ఖలమ్‌ది. లెక్క కూడా వేసుకోండి. వారానికి 168 గంటలు. ఆరు షిఫ్టులు 48. రోజుకి ఏడు గంటల నిద్ర 49. మిగిలింది 71. ఈ 71 ఎటు పోతున్నాయో ఒక వారం కాగితం మీద రాస్తే చాలావరకు జవాబు అక్కడే ఉంటుంది. ఎక్కువ భాగం ఫోనులోనే, బహుశా కార్డుల వీడియోల్లోనే!

అమ్మాయిల దగ్గరికొచ్చేసరికి ఈ లెక్క తప్పుతుంది. షిఫ్టు దిగి వచ్చిన కొడుక్కి అమ్మీ చాయ్ ఇస్తుంది. స్కూలు నుంచి వచ్చిన కూతురు బ్యాగు పక్కన పెట్టి అందరికీ చాయ్ పెడుతుంది. తర్వాత పిల్లల నోట్‌బుక్కులు దిద్దాలి, రాత్రి సాలన్, రోటీలు, గిన్నెలు. పెళ్లయితే ఆ పైన ఇంకో ఇల్లు. ఆమె 71 గంటలు ఆమెవి కావు. అలాంటి పిల్లకి "బ్యాలెన్స్ చేసుకో" అని కార్డు చెప్పినా ఒకటే, మనం చెప్పినా ఒకటే. ఆ గంటలు ఇంటివాళ్ల చేతుల్లో ఉన్నాయి, వాళ్లు వదిలితేనే ఆమెకి దక్కుతాయి.

ఈ పిల్లలు అర్ధరాత్రి ఒంటరిగా ఫోన్ ముందు కూర్చుని ఎవరో తెలియని మనిషికి డబ్బిచ్చి అడుగుతున్నారంటే కారణం గైబ్ మీద మోజు కాదని నాకు అనిపిస్తుంది. ఆ మనిషి అరగంట వింటుంది. "మీకేం కావాలి?" అని అడుగుతుంది. మన దస్తర్‌ఖాన్ దగ్గర ఆ మాట ఎవరడిగారు? తన్ఖా పెరిగిందా అని అడుగుతాం, ఏం రాస్తున్నావని అడగం. ఖుర్ఆన్‌లో ఒక సూరాకి షూరా అని పేరు, మష్వరా అని అర్థం. జుమ్మా రోజు దాని మీద ఖుత్బా వింటాం, ఇంటికొచ్చాక అబ్బా ఒక్కరే మాట్లాడతారు.

కార్డులు మానమని పిల్లలకి చెప్పండి, గట్టిగానే చెప్పండి. అదే పూట వాళ్లని కూర్చోబెట్టి, ఇంటి ఖర్చు కాగితం ముందు పెట్టి, ఎంత కావాలి, ఎన్ని గంటలు వదలగలం అన్నది అందరూ కలిసి తేల్చండి. ఆ స్కూలు పిల్ల విషయంలోనైతే ముందు ఒక చిన్న సంగతి తేలాలి: వారంలో రెండు రాత్రులు ఇషా తర్వాత గిన్నెలు ఎవరు తోముతారు?