ఇరుగు పొరుగు లెక్కలు

సరిహద్దు భద్రత అనగానే మనకు కాశ్మీరు, పంజాబు జ్ఞాపకం వస్తాయి. కొడలలో ఉండే మనకు అదంతా పత్రికల్లో చదువుకునే సంగతి. కాని 1936 ఏప్రిల్ 1న గీసిన ఒక గీత వల్లనే కదా మన గంజాం మద్రాసు ప్రెసిడెన్సీని వదిలి ఒడిశాలోకి వచ్చింది! ఆ గీత పొడవునా ఏం జరిగిందో మన పిల్లలకు తెలియాలి.

2008 జూన్ 29న మల్కన్‌గిరి జిల్లా బలిమెల జలాశయంలో ఆంధ్ర గ్రేహౌండ్స్ దళం ప్రయాణిస్తున్న పడవపై మావోయిస్టులు దాడి చేశారు. 38 మంది చనిపోయారు. 2011 ఫిబ్రవరిలో అభివృద్ధి పనులు చూడబోయిన కలెక్టరు వినీల్ కృష్ణను అపహరించి, ఎనిమిది రోజులకు విడిచిపెట్టారు. ఆయన తెలుగువాడు. మధ్యవర్తిగా వెళ్ళిన హరగోపాల్ గారూ తెలుగువారే.

మా బ్యాంకుల్లో ఒక బ్రాంచి డెబిట్ వేసి, రెండో బ్రాంచి క్రెడిట్ వేయకపోతే ఆ పద్దు మధ్యలో వేలాడుతుంది. మోసగాడు వెతికేది అలాంటి పద్దునే. తీవ్రవాదీ అంతే. అటు పోలీసులు తరిమితే ఇటు, ఇటు తరిమితే అటు.

బలిమెల రెండు రాష్ట్రాల ఉమ్మడి ప్రాజెక్టు. నీటిని చెరిసగం పంచుకున్నారు. ఆ నీటి నడుమ చిక్కుకుపోయిన సుమారు 150 గ్రామాల గిరిజనులు మాత్రం ఎవరి లెక్కలోకీ రాలేదు. ఆసుపత్రికి వెళ్ళాలన్నా పడవే దిక్కు. 910 మీటర్ల గురుప్రియ వంతెన 2018 జూలై 26న గాని ప్రారంభం కాలేదు.

2016 అక్టోబరులో రెండు రాష్ట్రాల పోలీసులు కలిసి జరిపిన ఎదురుకాల్పుల్లో ఇరవై మందికి పైగా మావోయిస్టులు, ఒక జవాను మరణించారు. పౌరహక్కుల సంఘాలు ఆ ఘటనను ప్రశ్నించాయి. ఏమైనా, తుపాకీ చేయగలిగింది సగం పనే. మిగతా సగం వంతెనది, బడిది, ఆసుపత్రిది.

దేశాల మధ్యనైనా ఇదే సూత్రం. తన అడవుల్లో మకాం వేసిన అస్సాం, బెంగాల్ తీవ్రవాదులకు భూటాన్ ఏళ్ళ తరబడి నచ్చజెప్పి చూసింది. వినకపోయేసరికి 2003 డిసెంబరులో తన సైన్యంతోనే తరిమింది. పొరుగింటి దొంగ మన పెరట్లో దాక్కుంటే "మనకెందుకులే" అనుకోలేదు.

మరి మనం చేయగలిగింది ఏమిటి? ఇంట్లో తెలుగు, బజారులో ఒడియా మాట్లాడే పిల్లలు మనవాళ్ళు. వాళ్ళలో ఎవరికైనా టీచరుగానో, నర్సుగానో, బ్యాంకు ఉద్యోగిగానో ఆ కొండలకు పోస్టింగు వస్తే, "అమ్మో, అక్కడికా!" అని పైరవీలకు పరుగెత్తకండి. వెళ్ళనివ్వండి. ఆ రెండు భాషలూ వచ్చినవాళ్ళ అవసరం అక్కడే ఎక్కువ.