వాడిన ఇంధనం - యంత్ర హస్తం

తుంగతుర్తి ప్రాంతపు రైతు బోరుబావి మోటారు మీట నొక్కినప్పుడు అందే విద్యుత్తు ఏ కేంద్రంలో పుట్టిందో విడదీసి చెప్పడం అసాధ్యం. అందులో బొగ్గుదే పెద్ద వాటా. అయినా కర్ణాటకలోని కైగా అణువిద్యుత్కేంద్రంలో తెలుగు రాష్ట్రాలకూ వాటా ఉన్నందున ఆ ప్రవాహంలో అణుశక్తి కొంత కలిసే ఉంటుంది.

అణుశక్తిని గురించి నల్గొండ సీమలో చర్చ జరగకపోలేదు. లంబాపూర్-పెద్దగట్టు యురేనియం గనులపై 2003లో ప్రజాభిప్రాయ సేకరణ జరిగినప్పుడు, నాగార్జునసాగర్ జలాలు కలుషితమవుతాయన్న భయంతో ప్రజలు గట్టిగా వ్యతిరేకించారు. ఆ భయం సహేతుకమే. అయితే యురేనియం కథ గనితో ముగియదు. రియాక్టరులో వాడిన ఇంధనాన్ని వెలుపలికి తీసే ఘట్టం అంతకన్న ప్రమాదకరమైనది. దానిని గురించి మాట్లాడేవారు అరుదు.

1971లో హైదరాబాదులో నెలకొన్న న్యూక్లియర్ ఫ్యూయెల్ కాంప్లెక్స్ కైగా వంటి కేంద్రాలకు ఇంధన కట్టలను తయారుచేస్తుంది. ఒక్కొక్కటి సుమారు అర మీటరు పొడవు గల 19 సన్నని గొట్టాల కట్ట. కొత్తదానిని మనిషి చేతులతో ఎత్తవచ్చు. రియాక్టరులో పనిచేసి అప్పుడే వెలుపలికి వచ్చిన అదే కట్టను రక్షణ లేకుండా సమీపిస్తే నిమిషాలలోనే ప్రాణాంతకమైన వికిరణం సోకుతుంది. ఇక దానిని ముట్టవలసింది యంత్రమే.

కైగా రియాక్టరులో 306 అడ్డ గొట్టాలుంటాయి. ఒక్కొక్కదానిలో 12 కట్టలు వరుసగా ఇముడుతాయి. గొట్టానికి రెండు కొసలా రెండు యంత్రాలు వచ్చి బిగుసుకుంటాయి. ఒకటి కొత్త కట్టలను లోపలికి నెడితే, రెండవది వాడినవాటిని అందుకొంటుంది. గొట్టంలో దాదాపు 290 డిగ్రీల వేడితో, తీవ్రమైన పీడనంతో భారజలం ప్రవహిస్తూనే ఉంటుంది. రియాక్టరు ఆగదు. బిగుసుకున్నంతసేపూ యంత్రమే ఆ పీడనాన్ని నిలువరించే గోడలో భాగం; దాని బిగింపు సడలరాదు. కైగా మొదటి రియాక్టరు 2018 డిసెంబరు నాటికి 962 రోజులు నిరంతరాయంగా నడిచి ప్రపంచ రికార్డు నెలకొల్పినప్పుడు దేశమంతా హర్షించింది. ఆ ఘనతను సాధ్యం చేసిన ఈ యంత్రాల మాట మాత్రం ఎవరికీ తోచలేదు!

వెలికితీసిన కట్టలను లోతైన నీటి కొలనులో ఉంచుతారు. నీరే వాటిని చల్లబరుస్తుంది, వికిరణాన్నీ అడ్డుకొంటుంది. 2011లో జపానులోని ఫుకుషిమాలో ప్రమాదం సంభవించినప్పుడు నాలుగవ రియాక్టరులో ఇంధనమే లేదు. అయినా దాని కొలను ప్రపంచాన్ని భయపెట్టింది. అందులోని 1535 కట్టలను తరలించడానికి కొత్త కప్పు, కొత్త క్రేను నిర్మించవలసి వచ్చింది. ఆ పని 2014 డిసెంబరులో గాని పూర్తికాలేదు.

శ్రీకాకుళం జిల్లా కొవ్వాడలో ప్రతిపాదించిన రియాక్టర్లు వేరు రకానివి. వాటిని ఆపి, మూత తెరచి, నీటి అడుగుననే ఇంధనాన్ని మార్చాలి. వాడిన ఇంధనం ఏళ్ళ తరబడి కేంద్రంలోని కొలనులోనే ఉంటుంది. అక్కడి గ్రామస్థులకు నష్టపరిహారపు లెక్కలు చెబితే చాలదు. ఆ కొలనులో ఎన్నేళ్ళ ఇంధనం పడుతుంది, విద్యుత్తు నిలిచిపోతే దానిని చల్లబరచేది ఏది, చివరికి ఆ ఇంధనం ఎక్కడికి చేరుతుంది అన్నవి కూడా వారికి అర్థమయ్యే తెలుగులో, పనులు మొదలు కాకముందే చెప్పవలసి ఉంది.