రాజీ కాదు, సమాధానం కావాలి

డిసెంబరు వచ్చిందంటే మా ఆమదాలవలస చుట్టుపక్కల ఊళ్ళలో ఐక్య క్రిస్మస్ సభలు మొదలవుతాయి. క్రీస్తులో మనమంతా ఒక్కటేనని అయ్యగారు మైకులో చెబుతారు. పక్కవాడి చెయ్యి పట్టుకోమంటారు. పట్టుకుంటాం. కేకు ముక్క తిని ఇంటికొస్తాం. తెల్లారితే మాలపేట మాలపేటే, రెల్లివీధి రెల్లివీధే. పెద్దకులం విశ్వాసి ఇల్లు మనకి వాకిలి వరకే. రాత్రి పట్టుకున్న చెయ్యి పొద్దుటికి ఏమైపోయినట్టు?

అడిగితే, సంఘంలోకి కులం తేవొద్దని మనల్నే గదమాయిస్తారు. మేం తెచ్చామేటి బావూ? 1870ల నుంచి కెనడా బాప్టిస్టు మిషనరీలు భీమిలి, శ్రీకాకుళం, బొబ్బిలి వైపు వచ్చి బడులు, ఆస్పత్రులు పెట్టారు. అక్షరం మన గడప తొక్కింది. ఆ మేలు మరిచిపోం. కానీ బాప్తిస్మం నీళ్ళలో మనిషే మునిగాడు. కులం గట్టుమీదే నిలబడి, మనిషి పైకి రాగానే మళ్ళీ భుజమెక్కింది.

ఇది మనం అంటే నింద అంటారు. మరి పీఠాధిపతులే అంటే? 2016 డిసెంబరులో భారత కాథలిక్కు పీఠాధిపతుల సమాఖ్య దళితుల గురించి ఒక విధానపత్రం తెచ్చింది. దేశంలో 1 కోటి 90 లక్షల కాథలిక్కులుంటే అందులో 1 కోటి 20 లక్షల మంది దళితులేననీ, సంఘంలో అంటరానితనం ఉందనీ అందులో ఒప్పుకుంది. 2000లో మారంపూడి జోజి హైదరాబాదు ఆర్చిబిషప్ అయ్యారు. 2022లో పూల ఆంథోని తొలి దళిత కార్డినల్ అయ్యారు. సంతోషమే. కానీ ఒక తలమీద టోపీ పెడితే కోటిమంది తలలు లేచినట్టు కాదు.

అమెరికాలో సదరన్ బాప్టిస్టులు 1845లో బానిసత్వం విషయంలోనే వేరుపడి సొంత సమాజం కట్టుకున్నారు. నూటయాభై ఏళ్ళకి, 1995లో, నల్లవాళ్ళని క్షమాపణ కోరుతూ తీర్మానం చేశారు. దక్షిణాఫ్రికాలో తెల్ల సంఘం 1857లో నల్లవాళ్ళకి వేరే బల్ల వేయొచ్చంది. ప్రభువు బల్ల దగ్గర మొదలైన ఆ వేరు, తర్వాత దేశమంతా పాకిన వర్ణవివక్షకి అండయింది. దానికి జవాబు రాసింది తెల్లవాళ్ళు కాదు. వేరుచెయ్యబడ్డ సంఘమే 1982లో బెల్హార్ ఒప్పుదల రాసి, 1986లో స్వీకరించింది. న్యాయం లేని సమాధానం సమాధానం కాదని తేల్చింది. గాయపడ్డవాడే షరతు రాశాడు. మనం గుర్తుపెట్టుకోవలసింది ఇదే.

మన దగ్గర జరిగేదేమిటి? దెబ్బలు తిన్నవాడి ఇంటికే పెద్దమనుషులు వస్తారు. పక్కన ఒక అయ్యగారు కూడా ఉంటారు. "క్షమించెయ్యి, కేసు తీసెయ్యి" అంటారు. దాన్ని రాజీ అంటారు, సమాధానం అనరు. సుంకరి జక్కయ్య ఏం చేశాడు? యేసు ఇంటికి రాగానే పాట పాడి ఊరుకోలేదు. ఆస్తిలో సగం పేదలకిస్తానన్నాడు, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు తిరిగిస్తానన్నాడు. లెక్క తేలాకే రక్షణ మాట వచ్చింది.

ఇంకో సంగతి ఆలోచించండి. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు హిందువులకే ఎస్సీ హోదా ఇచ్చింది. 1956లో సిక్కులకీ, 1990లో బౌద్ధులకీ ఇచ్చారు. క్రైస్తవులకి ఇవ్వలేదు. మన రాష్ట్రంలో మతం మారిన ఎస్సీలని బీసీ-సి కింద ఒక్క శాతంలో పెట్టారు. కులం పేరుతో తిట్టి కొట్టారని ఒక పాస్టరు పెట్టిన అట్రాసిటీ కేసుని 2025లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు కొట్టేసింది. క్రైస్తవంలో కులం లేదు కాబట్టి ఆ చట్టం వర్తించదంది. మా సంఘంలో కులం లేదని గొప్పలు చెప్పే ప్రతి చర్చీ తెలియకుండానే మనకి వ్యతిరేకంగా సాక్ష్యం చెబుతోంది! ఉన్న జబ్బు దాచితే మందెవరిస్తారు?

మనమేమైనా తక్కువా? పెళ్ళిమాట వస్తే, "రెల్లోళ్ళింటికి మన పిల్లనిత్తామేటి?" అనే మాట మాలపేటలో వినపడదా? పాకీపని చేసినవాళ్ళని మన బల్ల దగ్గర చివర కూర్చోబెట్టలేదా? పైవాడిని నిలదీసే నోటితోనే మన తప్పూ ఒప్పుకోవాలి. లేకపోతే ఆ నోటికి బలముండదు.

అందుకే ఈసారి ఐక్య క్రిస్మస్‌కి వెళ్ళేటప్పుడు ఈ నాలుగూ అడుగుదాం. సంఘంలో కులం ఉందని పెద్దలు కాగితం మీద ఒప్పుకోవాలి. సమాధుల దొడ్డి అందరికీ ఒక్కటే కావాలి. కమిటీలో, పెట్టె తాళాల దగ్గర మాల, మాదిగ, పైడి, రెల్లి, ఆడమనిషి ఉండాలి. అట్రాసిటీ జరిగితే అయ్యగారు రాజీకి కాదు, సాక్ష్యానికి రావాలి.

ఇవి ఒప్పుకున్నవాళ్ళ చెయ్యి పట్టుకుందాం. గట్టిగా పట్టుకుందాం. ఒప్పుకోనివాళ్ళకి కేకు తిరిగిచ్చేద్దాం.

జై భీమ్!