నేల లోపలి చదువుకు చోటివ్వండి

2024 డిసెంబరు 4న ఉదయం ములుగు జిల్లాలో 5.3 తీవ్రతతో భూమి కంపించింది. హైదరాబాద్‌లోనూ ఆ కదలిక తెలిసింది. ఇలాంటి వేళ అందరి చూపూ ఆ నగరంలోనే 1961లో పుట్టిన జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ (ఎన్‌జీఆర్‌ఐ) వైపు మళ్లుతుంది. మర్నాటికి భూభౌతిక శాస్త్రం ఊసే ఉండదు.

డిగ్రీ ఆనర్స్ స్థాయిలో ఈ శాస్త్రం ఒట్టి రాళ్ల పాఠం కాదు. 1897 నాటి అస్సాం భూకంపాన్ని పరిశోధించిన భూగర్భ శాస్త్రవేత్త ఓల్డ్‌హామ్, ప్రకంపనలు ఎక్కడికి ఎంతసేపట్లో చేరాయో లెక్కగట్టి, భూమికి వేరే కేంద్రభాగం ఉందని 1906లో తేల్చారు. అందులో మరో అంతర్భాగం ఉందని 1936లో డెన్మార్క్ శాస్త్రవేత్త ఇంగె లేమన్ చెప్పారు. ఎవరూ తవ్వి చూడలేని లోతులవి! గణితం, భౌతికశాస్త్రం గట్టిగా వస్తేనే ఆ లెక్క పట్టుబడుతుంది.

ఈ శాస్త్రంలో భాగంగా పొలంలో చేసే పని ఇంకా ముచ్చటైనది. నాలుగు లోహపు కడ్డీలు వరసగా పాతి, బయటి రెండింటి గుండా కరెంటు పంపి, లోపలి రెండింటి మధ్య వోల్టేజి కొలుస్తారు. కడ్డీల ఎడం పెంచేకొద్దీ మరింత లోతు సంగతి తెలుస్తుంది. గట్టి గ్రానైటు కరెంటును అడ్డుకుంటుంది. నీరున్న పగుళ్లు తేలిగ్గా పోనిస్తాయి. బోర్లు వేసి వేసి అప్పులపాలైన రైతుకు ఈ కొలత విలువ వేరే చెప్పాలా?

ఆంధ్ర, ఉస్మానియా విశ్వవిద్యాలయాల్లో ఈ శాస్త్రం చాలాకాలంగా ఉంది. జిల్లా కళాశాలలకూ అది చేరాలి. భౌతికశాస్త్రం ఆనర్స్‌లో దీన్ని కలిపి, ఈ కొలతకు వాడే రెసిస్టివిటీ మీటరు కనీసం ఒకటి కొనిచ్చి, విద్యార్థులను చుట్టుపక్కల పొలాలకు పంపే పని రెండు తెలుగు రాష్ట్రాల ఉన్నత విద్యామండళ్లూ వెంటనే చేపట్టాలి.