గొట్టంలో గాలి బుడగ



మొన్న మా వీధి మొగలో ఒక కారు ఆగిపోయింది. ఇంజను ఆడుతూనే ఉన్నది. కాని డ్రైవరు గేరు వేయబోతే కరకరమని చప్పుడే తప్ప గేరు పడదు. క్లచ్చి పెడలు తొక్కితే దూదిమూటమీద కాలు వేసినట్టు దిగిపోతున్నది. చూస్తున్న కుర్రవాడొకడు, "మాస్టారూ! పెడలు మెత్తగా ఉంటే మంచిదే కదండీ?" అని అడిగాడు.

తేలికగా దిగటం వేరు, మెత్తగా దిగిపోవటం వేరు. ఎలాగో చూద్దాం.

ఇంజను తిరుగుడును గేర్లకు అందించేది క్లచ్చి. గేరు మార్చేటప్పుడు ఆ సంబంధం కాసేపు తప్పించాలి. కొన్ని కార్లలో ఆ పని తీగ చేస్తుంది, కొన్నింటిలో ద్రవం చేస్తుంది. పెడలు దగ్గర ఒక సిలిండరు, క్లచ్చి దగ్గర మరొకటి, రెంటినీ కలుపుతూ ఒక గొట్టం. మూసి ఉన్న ద్రవాన్ని ఒకచోట నొక్కితే ఆ ఒత్తిడి అంతటా సమంగా పాకుతుందని ఫ్రాన్సు దేశపు పాస్కల్ (1623–1662) చెప్పాడు.

లెక్క సులువుగా ఉండటానికి మొదటి పిస్టను వ్యాసం 15 మి.మీ., రెండోది 30 మి.మీ. అనుకోండి. వైశాల్యం 4 రెట్లు, కనుక బలమూ 4 రెట్లు! కాని ఊరికే రాలేదు సుమా. మొదటిది 40 మి.మీ. కదిలితే రెండోది 10 మి.మీ. మాత్రమే కదులుతుంది. పెడలు తేలిక కావాలని రెండో సిలిండరు మరీ పెద్దది పెడితే క్లచ్చి పూర్తిగా విడదు.

ఇప్పుడు సూదులు లేని కొత్త సిరంజీలు రెండు తెచ్చి, సన్నని గొట్టంతో కలిపి, గాలి లేకుండా నీరు నింపండి. ఒకటి నొక్కితే రెండోది వెంటనే లేస్తుంది. తరవాత కొంచెం గాలి పోనిచ్చి, రెండోదాన్ని వేలితో అదిమిపట్టి నొక్కండి. నీరు ఇంచుమించు కుదించుకోదు, గాలి కుదించుకుంటుంది. మీ బలమంతా బుడగను నలపటానికే సరి!

ఆ కారుకు జరిగింది అదే. మెకానిక్కు వచ్చి కింది సిలిండరు మర వదులు చేశాడు. డ్రైవరు పెడలు తొక్కగానే ద్రవంతోపాటు బుడగలు వచ్చాయి. పెడలు పైకి లేవకముందే మర బిగించాడు. లేకపోతే గాలి మళ్ళీ లోపలికి పోతుంది. పై డబ్బాలో ద్రవం తగ్గకుండా పోస్తూ ఇలా పదిసార్లు చేసేసరికి పెడలు గట్టిపడింది. గేరు చప్పుడు లేకుండా పడింది.

"ఇక పోవచ్చా?" అన్నాడు డ్రైవరు.

"ఆగండి. అసలు గాలి ఎలా వచ్చింది?" అంటూ మెకానిక్కు సిలిండరు అడుగున వేలు పెట్టి చూశాడు. వేలు తడి అయింది. లోపలి రబ్బరు అరిగి ద్రవం కారుతున్నది! ఆ కారులో బ్రేకులకూ క్లచ్చికీ ద్రవం ఒకే డబ్బా నుంచి పోతుంది. అశ్రద్ధ చేస్తే రేపు బ్రేకులకే ముప్పు. రబ్బరు మార్చిన తరవాతే కారు కదిలింది.

లెక్క తప్పితే సరిచేసుకుని ఊరుకోకండి, పిల్లలూ. ఎక్కడ తప్పామో కూడా చూడండి.