ఎర్ర కాలిపర్ మోజు

మా సీనియర్ అన్న ఒకాయన సెకండ్ హ్యాండ్ పోలో జీటీ కొన్నాడు. ముందు రీమ్యాప్ చేయించి పవర్ పెంచాడు. తర్వాత బ్రేకుల మీద పడ్డాడు. "ఏరా, ఎలా ఉన్నాయి?" అని ఫోన్లో ఫొటో చూపించాడు. ఎర్ర రంగు పెద్ద కాలిపర్లు, చిల్లుల డిస్కులు. చూడ్డానికి అదిరిపోయాయి. అయినా నేను వద్దన్నాను. ఎందుకో అన్నకి చెప్పిందే ఇక్కడ రాస్తున్నా.

బ్రేకు చేసే పని ఒక్కటే, బండి వేగాన్ని వేడిగా మార్చడం. 1,200 కిలోల బండి 100 కి.మీ. వేగంతో పోతుంటే దాని గతిజ శక్తి సుమారు 4.6 లక్షల జౌళ్లు. 50లో అయితే అందులో నాలుగో వంతే. ఇంటర్లో మనం బట్టీ పట్టిన సూత్రమే ఇది. కాబట్టి పవర్ పెంచినవాడు బ్రేకుల గురించి ఆలోచించడం మంచిదే. కానీ ముందు ఏది మార్చాలి?

గట్టిగా తొక్కితే ఏబీఎస్ పని చేస్తోందంటే, బ్రేకుల బలం టైర్ల పట్టును దాటిపోయిందని అర్థం. ఇంకా పెద్ద కాలిపర్ వేసినా ఆగే దూరం తగ్గదు. రోడ్డును పట్టుకునేది టైరే కదా!

అరకు ఘాట్ దిగేటప్పుడు కథ వేరు. మాటిమాటికీ తొక్కుతుంటే వేడి పేరుకుంటుంది, ప్యాడ్ల పట్టు తగ్గుతుంది. ఫ్లూయిడ్ మరిగి ఆవిరి పుడితే పెడల్ మెత్తగా లోపలికి పోతుంది. పైగా ఈ ఫ్లూయిడ్ గాల్లో తేమను పీల్చుకుంటుంది. కొత్త డాట్ 4 ఫ్లూయిడ్ కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదు. తేమ చేరాక అది 155 దగ్గరే మరగొచ్చు.

పెద్ద కాలిపర్లు దండగ అనను. ట్రాక్ మీద ల్యాప్ తర్వాత ల్యాప్ కొట్టేవాళ్లకి పెద్ద డిస్కులు కావాలి, అవి ఎక్కువ వేడిని తట్టుకుంటాయి. కానీ పాత మాస్టర్ సిలిండర్‌కి పెద్ద పిస్టన్ల కాలిపర్లు తగిలిస్తే పెడల్ ఎక్కువ లోపలికి పోతుంది, ముందు వెనక బ్రేకుల బ్యాలెన్స్ మారిపోతుంది. ఇక రేస్ ప్యాడ్లు చల్లగా ఉన్నప్పుడు సరిగా పట్టవు. కాలేజీ గేటు ముందు కుక్క అడ్డమొస్తే, ప్యాడ్లు వేడెక్కేదాకా ఆగమని దానికి చెప్తామా?

అందుకే నా వరస ఇది: మంచి టైర్లు, కొత్త ఫ్లూయిడ్, రోడ్డుకు పనికొచ్చే మంచి ప్యాడ్లు. అవీ చాలకపోతేనే కాలిపర్లు.

అన్న ముందు ఫ్లూయిడ్ మార్పించాడు. బయటికొచ్చింది టీ డికాక్షన్ రంగులో ఉంది. అంతకుముందు దాంతోనే మేం నలుగురం రెండుసార్లు అరకు వెళ్లొచ్చాం.