వినదగిన తెలుగు ఎక్కడ నున్నది?

కడంబూరు రైలు స్టేషనులో బండి నిలిచినప్పుడెల్ల పోళీలమ్మువారి కేకలు ప్లాటుఫారమంతయు వినబడుచుండును. ఇటీవల ఒకనాటి సాయంకాలము కోవిల్‌పట్టి వెళ్లుటకై నేనచ్చట నిలిచియుండగా, ఆ కేకలను ఆలకించువారు బహు కొలదిమంది యని గమనించితిని. తక్కినవారి చెవులలో ఇయర్‌ఫోనులున్నవి. మా వీధి బాలుడొకడు, తొమ్మిదవ తరగతి చదువుచున్నవాడు, బల్లమీద అట్లే కూర్చుండియుండెను. ఏమి వినుచున్నావని యడుగగా ఒక ఇయర్‌ఫోను తీసి నా చెవికందించెను. తమిళ చలనచిత్ర గీతము; మంచి గీతమే. "తెలుగు వినవా?" అంటిని. వాడు కొంచెము సిగ్గుపడి, "వెతికితే కొత్త సినిమా పాటలే వస్తాయి మామా. ఆ మాట మన ఇంటి మాట మాదిరి ఉండదు. మంచివి యాడ ఉంటాయో తెలీదు" అనెను.

వాని మాటలో రెండు మొరలు ఇమిడియున్నవి. వెదకు విధము తెలియకపోవుట యొకటి. వెదకినను మన యింటి మాట కానరాకపోవుట రెండవది. మొదటిదానికి మందు సులభము. రెండవదానికి మందు మన చేతిలోనే యున్నది గాని మనము దానిని వాడుటలేదు. ఈ వ్యాసము వ్రాయుటకు కారణమిదియే.

ఈ పత్రికను చదువువారు విద్యార్థులు. ఇంటిలో వారు చదివి వినిపింపగా వినువారు తల్లిదండ్రులు, తాతలు, అవ్వలు. కోవిల్‌పట్టి మొదలు విరుదునగర్ వరకు గల నల్లరేగడి పల్లెలలో తెలుగున నవ్వి, తెలుగున ఏడ్చి, తమిళమున లెక్క వ్రాసికొను కుటుంబములు వేలకొలది కలవు. తమిళము మనకు పరాయిది కాదు. అది మనకు తిండి పెట్టినది, విద్య నిచ్చినది. కాని 2006వ సంవత్సరపు చట్టము ననుసరించి 2006-07లో ఒకటవ తరగతితో మొదలై, ఏటేట ఒక్కొక్క తరగతిగా తమిళము మొదటి భాషగా నిర్బంధమైన పిమ్మట, ఈ రాష్ట్రపు బడులలో తెలుగక్షరములకు చోటు ఇరుకైన మాట నిజము. అక్షరము చేజారినను భాష చెవిలో కొంతకాలము నిలుచును. ఆ కొంతకాలమే ఇప్పుడు మనకున్న గడువు.

చెవికి అందవలసినదానిని కాగితముమీద దాచిన కాలమొకటి యుండెను. అందుకు నిదర్శనము మనకు అతి సమీపముననే కలదు. ఎట్టయపురమున 1835లో ముత్తుస్వామి దీక్షితులు పరమపదించిరి. ఆయన వంశమునకు చెందిన సుబ్బరామ దీక్షితులు ఆ పురమునందే, అచటి ప్రభువుల ఆదరమున, 1904లో 'సంగీత సంప్రదాయ ప్రదర్శిని' యను మహాగ్రంథమును ప్రకటించిరి. అది తెలుగులో వ్రాయబడి, తెలుగు లిపిలో, ఎట్టయపురమునందే అచ్చుపడినది! ఇంతటి గ్రంథము మన ప్రాంతపు మట్టిలో పుట్టినదని మన పిల్లలలో ఎందరికి తెలియును? ఆ వృద్ధుడు వంశపరంపరగా తాను విన్న సంగీతమును, గమకముల గుర్తులతో సహా, అక్షరములలో బంధించి పోయెను. ఆ కాలమునకు అదియే వినికిడిపెట్టె. కాని స్వరము చదువనేర్చినవానికే ఆ పెట్టె తెరచుకొనును. నేడో, అందలి కృతులను గొప్ప విద్వాంసులు పాడిన రికార్డులు కంప్యూటరులో వెదకినవానికెల్ల లభించుచున్నవి. స్వరజ్ఞానము లేని నేను సైతము వినుచున్నాను.

ధ్వని కంప్యూటరులో ఎట్లు ఇముడునని పిల్లలడుగుదురు. కాంపాక్టు డిస్కులో ధ్వనిని సెకనుకు 44,100 మార్లు కొలిచి, ఆ కొలతలను అంకెలుగా వ్రాయుదురు. అంకెలు మిక్కిలి యగుటచే ఫైలు పెద్దదగును. జర్మనీలోని ఫ్రౌన్‌హోఫర్ సంస్థకు చెందిన శాస్త్రజ్ఞులును మరికొందరును కలిసి దీనికొక ఉపాయము కనుగొనిరి. రైలు కూత వేయుచుండగా ప్రక్కవాని గుసగుస మనకు వినబడదు గదా. అట్లే పెద్ద ధ్వని చాటున మరుగుపడి చెవికందని చిన్న ధ్వనులను వదలివేసినచో ఫైలు పదవ వంతునకు కుదించుకొనిపోవును. 1995లో ఎం.పి.3 అని పేరు పెట్టబడిన ఫైలు ఇట్టిదే. పాటకైనచో నిమిషమునకు సుమారు ఒక మెగాబైటు, మాటకైనచో అందు సగము చాలును. గోరంత యుండు 32 గిగాబైట్ల మెమరీ కార్డులో మాటల రికార్డులు వేయి గంటలకు పైగా పట్టును. రోజునకొక గంట విన్నను దాదాపు మూడేండ్లు పట్టును.

ఇక వెదకుట. 'తెలుగు పాటలు' అని మాత్రము వ్రాసి వెదకినవానికి మా వీధి బాలునికి దొరకినవే దొరకును. సంతలోనికి పోయి 'సరుకు' కావలెనన్న దుకాణదారు ఏమిచ్చును? హరికథ, బుర్రకథ, పద్యనాటకము, జానపద గేయము, లలితగీతము, శ్రవ్యనాటిక అని వస్తువు పేరు చెప్పి అడుగవలెను. పాడినవారి పేరో, వ్రాసినవారి పేరో చేర్చినచో మరియు మేలు. తెలుగక్షరములలో ఒకసారి, ఆంగ్లాక్షరములలో రెండు మూడు విధములుగా మరియొకసారి వెదకవలెను; ఏలయన ఘంటసాల పేరునే ఆంగ్లమున తలకొక తీరుగ వ్రాయుదురు. తమిళాక్షరములలో వెదకుటలో ఒక చిక్కు కలదు. క, ఖ, గ, ఘ లకు ఆ లిపిలో ఒక్కటే యక్షరము గనుక మన గోపాలుడు కోపాలుడైనను కావచ్చును! తెలుగు వ్రాయనేరని తల్లిదండ్రులు దిగులుపడ నక్కరలేదు. సెల్‌ఫోనులో మైకు గుర్తును నొక్కి నోటితో పలికినచో చాలును.

1996లో బ్రూస్టర్ కాల్ అను అమెరికా దేశస్థుడు స్థాపించిన ఇంటర్నెట్ ఆర్కైవ్ అను ఉచిత గ్రంథాలయములో తెలుగు శ్రవ్యములు పెక్కు కలవు. వానిని మన కంప్యూటరునకు దించుకొనవచ్చును. 1948 డిసెంబరు 1న ఆరంభమైన విజయవాడ ఆకాశవాణి కేంద్రమును ఒకప్పుడు రాత్రివేళ మీడియం వేవులో, బరబర శబ్దముల నడుమ, రేడియోను అటునిటు త్రిప్పి వినవలసివచ్చెడిది. నేడు ప్రసారభారతి వారి న్యూస్ ఆన్ ఎయిర్ యాప్ ద్వారా కడంబూరులోనే నిర్మలముగా వినవచ్చును. తెల్లవారుజామున భక్తిరంజని మ్రోగుచుండగా పనులు చేసికొను ఇండ్లు ఆంధ్రదేశమున ఎన్నియో యుండెను. ఆ భాగ్యము మన పల్లెలకు ఇప్పటికి వచ్చినది.

దించుకొనుటకు ముందు ఒక విచారణ యవసరము. దొరకినదెల్ల మనది కాదు. మన దేశపు చట్టము ప్రకారము రికార్డు వెలువడిన మరుసటి సంవత్సరము మొదలు 60 ఏండ్ల వరకు దానిపై హక్కుండును. 1960లో వెలువడిన రికార్డుపై ఆ హక్కు 2020తో ముగిసినది. పాట వ్రాసినవారి హక్కు వేరు. అది వారి మరణానంతరము 60 ఏండ్లు నిలుచును. క్రొత్త పాటలను వెల యిచ్చి వినుటో, హక్కుదారులే ఉచితముగా వినిపించుచోట వినుటో న్యాయము. పాటవాని కూలిని ఎగవేసి పాటను మెచ్చుకొనుట నాకు రుచింపదు.

వినుటకు సెల్‌ఫోను ఉండగా వేరొక పెట్టె యేల యని కొందరందురు. నా యభిప్రాయము వేరు. 2001లో వచ్చిన ఐపాడ్ లోకమంతట ప్రసిద్ధికెక్కి, 2022లో దాని తయారీ నిలిచిపోయినది. సెల్‌ఫోనే దానిని మ్రింగివేసినది. కాని సెల్‌ఫోనులో హరికథ వినబూనిన పిల్లవాడు పది నిమిషములలో ఆటలోనికో, వేరొక చిత్రములోనికో జారిపోవుట నేను పెక్కుమార్లు చూచితిని. తెర లేక, కార్డు దూర్చుకొని పాడు చిన్న పెట్టెలు నేటికిని అంగళ్లలో అమ్ముచున్నారు. వానికి పాడుట తప్ప వేరొకటి తెలియదు. అదియే వాని గుణము. పిల్లల చేతికి ఫోనిచ్చుటకు వెరచు తల్లిదండ్రులు దీనిని కొనియిచ్చుట మంచిది. చెవిలో పెట్టుకొని వినువారు మాత్రము ధ్వని తగ్గించి వినవలెను. వారమునకు 40 గంటలు వినువారికి 80 డెసిబెల్లులు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. ప్రక్కవారు పిలిచినచో వినబడునంత చాలును.

ఆనందించుట నేర్చుకొనవలసిన విద్యయా యని నవ్వవద్దు. వేయి గంటల ధ్వని జేబులో నున్నవాడు ఒక పాటను తుదివరకు వినడు. మా తరమువారు ఒక్క రికార్డును అరుగునట్లు వినిరి; అందుచేతనే ఆ పద్యములు ఇప్పటికిని నోట నిలిచియున్నవి. ఒకే హరికథను మూడు దినములు వినుడు. మొదటినాడు కథ, రెండవనాడు రాగము, మూడవనాడు మాట తెలియును. ఇయర్‌ఫోను తీసివేసి నలుగురు కూర్చుండి వినుట ఇంకను శ్రేష్ఠము. ఈ సంగతి నాకు తెలిసిన విధము చెప్పెదను.

ఒకనాటి రాత్రి మా పంచలో ఆ చిన్న పెట్టెలో బుర్రకథ యొకటి పెట్టితిని. మా పెద్దమ్మ ఎనుబది దాటిన మనిషి. ఒక్క తెలుగక్షరమైన ఎరుగదు. ఆమె కొంతసేపు విని, "ఎంత బాగా చెప్తా ఉండాడు! కానీ మన మాట కాదు" అనెను. పెట్టె ఆగిన పిమ్మట, ఎవ్వరును అడుగకయే, తాను చిన్ననాడు నాట్లలో పాడిన పాటను ఎత్తుకొనెను. నాకు ఆ పాట యున్నదనియే అంతవరకు తెలియదు. బువ్వ, మడక, అవ్వ అని మన యిండ్లలో పలుకు మాటలు ఆ పాటలో ఒకదాని వెంట నొకటి వచ్చినవి. ఆ రాత్రియే దానిని ఫోనులో పట్టి కార్డులో భద్రపరచితిని. ఆరు నెలలకు ఆ కార్డు చెడిపోయెను. వేరొక ప్రతి తీయనైతిని. ఆలోగా పెద్దమ్మయు పోయెను.

అంతర్జాలములో మన మాట లేదని వగచుట వ్యర్థము. దానిని అందు పెట్టినవారెవ్వరు? 1913 మొదలు 1929 వరకు గ్రియర్సన్ గారి భాషాసర్వే నిమిత్తము పలు దేశభాషలవారి గొంతులను గ్రామఫోను రికార్డులకెక్కించిరి. నూరేండ్లు గడచినను షికాగో విశ్వవిద్యాలయము వానిని ఇప్పుడు ఎల్లరకు వినిపించుచున్నది. పలికిన సామాన్యులు పోయిరి; పలుకు నిలిచినది. మన కోవిల్‌పట్టి ప్రక్కనున్న ఇడైసెవల్ గ్రామవాసి, 2021లో గతించిన కి. రాజనారాయణన్ గారు ఇంట తెలుగు మాటలాడి తమిళమున వ్రాసిరి. తెలుగు కుటుంబములు దక్షిణమునకు వలసవచ్చి ఊరు కట్టుకొన్న కథను 'గోపల్ల గ్రామం' అను నవలగా ఆయన చెప్పిరి. దాని తరువాతి నవలకు 1991లో సాహిత్య అకాడమీ పురస్కారము లభించినది. మన అవ్వల కథలు ఆ విధముగా తమిళ సాహిత్యమునకు సొత్తైనవి, సంతోషమే. కాని అవి పలికిన తెలుగు గొంతు ఏ పుస్తకములోను లేదు. దానిని పట్టగలిగిన యంత్రము నేడు ప్రతి యింటిలోను ఉన్నది. అది తమిళ పాటలు పాడుచు గోడకు తగిలించిన తీగతో విద్యుత్తు త్రాగుచున్నది!

కనుక విద్యార్థులారా, వినుటతోపాటు పట్టుటయు నేర్చుకొనుడు. పని పెద్దది కాదు. ముందుగా పెద్దల అనుమతి యడుగుడు. విసనకర్రను ఆపుడు, ఫ్యాను శబ్దము పాటను మ్రింగును. ఫోనును మడత పెట్టిన తువాలుమీద నుంచి, పలుకువారికి మూరెడు దూరమున పెట్టుడు. మొదట తేదీయు, ఊరి పేరును, పలుకువారి పేరును మీ నోట చెప్పుడు. నడుమ అడ్డురావద్దు, వారు మరచి ఆగినచో ఆ మౌనమును గూడ ఉండనిండు. ఫైలునకు తెలుగక్షరములలోను ఆంగ్లాక్షరములలోను పేరు వ్రాయుడు. కొన్ని పెట్టెలు తెలుగును చదువలేక చదరపు గళ్లు చూపును. రెండు ప్రతులు రెండు వేరువేరు చోట్ల ఉంచుడు. ఈ కడపటి మాట నేను వెల చెల్లించి నేర్చుకొన్నది.

స్టేషనులో కనిపించిన ఆ బాలునికి ఈ సంగతులన్నియు చెప్పితిని. వారము తిరుగకమునుపే వాడు మా యింటికి వచ్చి, తన అవ్వ చెప్పిన కథను వినిపించెను. నలుబది నిమిషములు. ఒకచోట కోడి కూసినది, మరియొకచోట ఎవరో నీళ్లడిగిరి. కథ మాత్రము చక్కగా వచ్చినది. "ఫైలుకు ఏం పేరు పెట్టేది మామా?" అని యడిగెను. మీ అవ్వ పేరు పెట్టుమంటిని. వాడు కొంతసేపు ఆలోచించి, తనకు ఆమె పేరు తెలియదని చెప్పి, అడిగి వచ్చుటకై ఇంటికి పరుగెత్తెను.